చూసే కళ్లే కాపు కాయాలి

తుంగభద్ర నీటి మీద వరికి హక్కుంది, ఉక్కుకు హక్కుంది, ఊరికి హక్కుంది. మరి పక్షి తరఫున అడిగేదెవరు? తోరణగల్లు నుంచి హోసపేట దాకా, బళ్లారి నుంచి అనంతపురం దాకా సెలవు రోజున చెరువు గట్టెక్కే పక్షి ప్రేమికులే ఆ బాధ్యత నెత్తికెత్తుకోవాలి.

చలికాలం వెళ్లిపోయే రోజులు. హగరిబొమ్మనహళ్లి తాలూకా అంకసముద్ర చెరువులో నల్లతుమ్మ చెట్లు మొదలంటా నీళ్లలో నిలబడి ఉంటాయి. కొమ్మకొమ్మకూ ఎర్రకాళ్ల కొంగల గూళ్లు. ఎండ నడినెత్తికి రాగానే తల్లికొంగ గూటి అంచున నిలబడి రెండు రెక్కలూ బారచాపుతుంది. ఇంకా ఈకలు రాని పిల్లలు ఆ నీడలోకి జరుగుతాయి. కాసేపటికి జతకొంగ వచ్చి వాలుతుంది. తెచ్చిన చేపలను పిల్లల నోటికి అందించదు, గూట్లో కక్కుతుంది. పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఏరుకు తింటాయి. ఆ చేపలు లోతు నీటిలోంచి వచ్చినవి కావు. ఎర్రకాళ్ల కొంగ నీళ్లలో మునిగి వేటాడదు. పసుపుపచ్చని పొడవాటి ముక్కును కొంచెం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తుంది. చేప తగిలిందా, ముక్కు టక్కున మూసుకుంటుంది. ఇలా వేటాడాలంటే నీరు దాని కాళ్లను మించకూడదు. చెరువు ఎండిపోతే దానికి తిండి లేదు. అంచులన్నీ నిట్టనిలువుగా తవ్వేసి నింపినా తిండి లేదు. ఆ గూటి బతుకంతా ఒడ్డు వెంబడి నిలిచే జానెడు, మూరెడు నీటి మీదే.

ఆ నీటి మాట ఇప్పుడు ఎందుకంటే, ఈ ప్రాంతమంతా నీటి గురించే మాట్లాడుకుంటోంది కనుక. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖాళీలోంచే దాదాపు 35,000 క్యూసెక్కుల నీరు దూకింది. ఆ లెక్కన ఎనిమిది గంటలకు ఒక టీఎంసీ, అంటే 2,831 కోట్ల లీటర్లు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో పారే నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి వారం రోజుల్లో ఆ ఖాళీని మూశారు. గేట్ల భద్రత, రెండో పంటకు నీళ్లు, ఎవరి వాటా ఎంత అన్న చర్చ మాత్రం ఆగలేదు. ఆ చర్చలో రైతు ఉన్నాడు, ఫ్యాక్టరీ ఉంది, పట్టణం ఉంది, ఆంధ్ర, కర్ణాటక ప్రభుత్వాలు ఉన్నాయి. చెరువులో గూడు కట్టిన కొంగ లేదు. దాని తరఫున మాట్లాడగలిగేది దాన్ని రోజూ చూసేవాళ్లే. అయితే ఆ మాటకు బలం రావాలంటే చూడటం ఒక్కటే చాలదు. నీళ్లనూ కరెంటునూ ఇంధనాన్నీ ముందు తామే పొదుపుగా వాడాలి. ఆ తర్వాత ఊరి నిర్ణయాల్లోకి నడిచి వెళ్లాలి.

ఒకే నది, నాలుగు దాహాలు

తోరణగల్లు సండూరు తాలూకాలో, బళ్లారి–హోసపేట రహదారి మీద ఉంది. 1990ల నడిమి నుంచి ఈ ఊరి పేరు చెబితే ఉక్కే గుర్తొస్తుంది. ఇక్కడి జేఎస్‌డబ్ల్యూ విజయనగర ఉక్కు కర్మాగారం దేశంలోని అతి పెద్ద ఉక్కు ప్లాంట్లలో ఒకటి. బళ్లారి వైపు కాస్త దూరంలో కుడితిని దగ్గర 1,700 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మరోవైపు సండూరు కొండలు, వాటి కడుపులో ఇనుప ఖనిజం. ఆ తవ్వకాల విధ్వంసం ఎంత దూరం వెళ్లిందంటే, 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో మైనింగ్‌ను నిలిపివేయాల్సి వచ్చింది. కొండల దాపునే దరోజి చెరువు, 1994లో ఏర్పాటైన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉన్నాయి. దక్షిణాది రాతికొండల్లో తప్ప మరెక్కడా కనిపించని పసుపు గొంతు పికిలిపిట్టకు ఈ బండరాళ్లు ఇల్లు. ఇంత చిన్న జాగాలో ఇంత ఉక్కు, ఇంత కరెంటు, ఇంత వరి, ఇన్ని పిట్టలు కలిసి బతుకుతున్న చోటు దక్కనులో అరుదు.

వీటన్నిటి గొంతూ తడిపేది ప్రధానంగా తుంగభద్రే. కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టిన జలాశయంలో పూడిక చేరి, ఇప్పుడు సుమారు 105 టీఎంసీలే పడుతోంది. ఎగువ కాలువ బళ్లారి పొలాలను తడిపి అనంతపురం వైపు సాగుతుంది, దిగువ కాలువ కర్నూలు వైపు వెళ్తుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి అటు వెళ్లింది. పాలన రెండుగా చీలినా నీరు ఒక్కటే. అందుకే తోరణగల్లు చెరువుల సంగతి రాయలసీమ పాఠకుడికి పొరుగూరి ముచ్చట కాదు, సొంతింటి విషయం.

■ అంకసముద్ర ఒక చూపులో
• శతాబ్దాల కిందట సాగు కోసం తవ్వించిన ఊరి చెరువు. విస్తీర్ణం 244 ఎకరాలు.
• 2017లో పక్షి సంరక్షణ రిజర్వుగా ప్రకటించారు. 2024 జనవరిలో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినట్టు ప్రకటన వచ్చింది.
• 240కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. 30,000కు పైగా నీటి పక్షులు ఇక్కడ గూళ్లు కట్టుకుంటాయి, రాత్రిళ్లు తలదాచుకుంటాయి.
• అదే రోజుల్లో గదగ్ జిల్లా మాగడి చెరువుకూ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అది వాన నీటి కోసం తవ్వించిన చెరువు. తల మీద నల్లచారలున్న బాతులు హిమాలయాలు దాటి చలికాలమంతా అక్కడే గడుపుతాయి.

జాబితా పెరిగింది, పిట్ట తగ్గింది

పక్షి ప్రేమికుల చేతుల్లో ఉన్న సమాచారం చిన్నదేమీ కాదు. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక సుమారు 30,000 మంది రాసిపెట్టిన 3 కోట్ల పరిశీలనల మీద నిలబడింది. అది 942 జాతుల స్థితిని అంచనా వేసింది. దీర్ఘకాలిక ధోరణి తేల్చగలిగిన 338 జాతుల్లో 204 తగ్గుముఖం పట్టాయని, పెరిగినవి 36 మాత్రమేనని చెప్పింది. సెలవు రోజు సరదాగా మొదలైన పని దేశానికి హెచ్చరిక గంట కొట్టింది. అందులో గర్వపడాల్సినది ఉంది, ఆలోచించాల్సినదీ ఉంది. చూసేవాళ్లు ఎన్నో రెట్లు పెరిగిన ఇదే కాలంలో చూడబడేవి తగ్గాయి. అంటే చూపు దానంతటది రక్షణ కాదు. తగ్గుతోందని అందరికన్నా ముందు తెలిసినవాళ్లే నిలబడకపోతే ఆ తెలివిడి వల్ల పిట్టకు ఒరిగేదేమీ లేదు.

సరిహద్దుకు ఇటువైపు ఇందుకు చేదు ఉదాహరణ ఉంది. బట్టమేక పిట్ట కోసమే 1988లో కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యాన్ని ప్రకటించారు. అప్పట్లో అక్కడికి దేశం నలుమూలల నుంచి పక్షి ప్రేమికులు వచ్చేవారు. చుట్టూ గడ్డి భూములు క్రమంగా సాగులోకి పోయాయి, కాలువలు వచ్చాయి, పంటలు మారాయి. గీత గీసిన అభయారణ్యంతోనే సరిపెట్టుకుని పక్షి బతకలేకపోయింది. ఈనాడు దేశమంతటా సహజ ఆవాసాల్లో మిగిలిన బట్టమేక పిట్టలు సుమారు 150 మాత్రమే. వాటిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని బళ్లారి జిల్లా సిరుగుప్ప పొలాల్లో తిరుగుతూ కనిపించాయి. రోళ్లపాడు నేర్పిన పాఠం ఒక్కటే. పక్షి కనిపించే చోటును కాపాడితే సరిపోదు, దాన్ని బతికించే నేలా నీరూ ఎలా ఖర్చవుతున్నాయో కూడా పట్టించుకోవాలి.

పొదుపు మన ఇంటి నుంచే

పక్షి ప్రేమికుల క్లబ్బు సభ్యుడి ఖర్చు దుర్భిణీతో, కెమెరాతో ఆగిపోదు. తోరణగల్లు నుంచి అంకసముద్రకు వెళ్లిరావాలంటే సుమారు 150 కిలోమీటర్లు. 12 మంది ఇద్దరిద్దరుగా 6 కార్లలో బయల్దేరితే, లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 60 లీటర్ల పెట్రోలు కాలుతుంది. నలుగురేసి కూర్చుని 3 కార్లలో వెళ్తే 30 లీటర్లు మిగులుతాయి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఒక్క ప్రయాణంలో దాదాపు 70 కిలోలు గాలిలోకి వెళ్లకుండా ఆపినట్టు. నెలకోసారి దూరపు చెరువు పెట్టుకుని, మిగిలిన ఆదివారాలు నడిచి వెళ్లగలిగే కుంటనే చూస్తే పొదుపుతో పాటు మరో లాభం ఉంది. ఒకే కుంటను ఏడాది పొడవునా చూసినవాడికే అక్కడ ఏ నెల ఏ పిట్ట రాలేదో తెలుస్తుంది. శాస్త్రానికి అలాంటి లెక్కే ఎక్కువ ఉపయోగం.

ఇంట్లో కరెంటు పొదుపు చేస్తే అది నీటి పొదుపు కూడా అవుతుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల నీటి వాడకానికి 2015లో కేంద్రం పరిమితి విధించింది. పాత ప్లాంట్లకు మెగావాట్ గంటకు 3.5 ఘనపు మీటర్లు, అంటే యూనిట్‌కు మూడున్నర లీటర్లు. ఏసీని ఒక్క డిగ్రీ పెంచి పెట్టుకుంటే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి 10 లీటర్లకు పైగా వదిలేస్తే, రెండు బటన్లది అవసరాన్ని బట్టి 3 లేదా 6 లీటర్లతో సరిపెడుతుంది. కిలో బియ్యం పండటానికి సగటున 2,500 లీటర్ల నీరు పడుతుందని అంచనా. క్లబ్బు వనభోజనాల్లో పారేసిన ప్రతి ముద్దలో కాలువ నీరుంది. నీటి సీసాలు ఇంటి నుంచి తెచ్చుకోవడం, స్టీలు పళ్లాల్లో తినడం, సభ్యుల పత్రికను కాగితం మీద కాకుండా ఫోన్లో పంపుకోవడం, బైనాక్యులర్లనూ పుస్తకాలనూ తలా ఒకటి కొనకుండా క్లబ్బు తరఫున కొని అందరూ వాడుకోవడం ఎవరికీ కష్టం కలిగించే పనులు కావు. కొత్తగా చేరాలనుకునే బడిపిల్లలకూ కూలి చేసుకునే యువకులకూ ఇలా పంచుకున్న బైనాక్యులరే మొదటి తలుపు తెరుస్తుంది.

‘మన చుక్కతో ఏమవుతుంది?’

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. దేశంలో వాడే మంచినీటిలో 80 శాతానికి పైగా సాగుకే పోతుంది. మిగిలినదాంట్లో పరిశ్రమలు, పట్టణాలు. అలాంటప్పుడు నాలుగిళ్లు ఫ్లష్ మార్చుకుంటే తుంగభద్ర నిండుతుందా? నిండదు. ఈ విషయం దాచిపెట్టి ఊరించడం తప్పు. 500 ఇళ్లు రోజుకు 100 లీటర్ల చొప్పున మిగిల్చాయనుకుందాం. ఏడాదికి 1.8 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీలో అది ఒక శాతం కూడా కాదు. కానీ అదే నీటిని అంకసముద్రంత చెరువులో పరిస్తే ఇంచుమించు రెండు సెంటీమీటర్ల లోతు వస్తుంది. ఇంట్లో మిగిలిన నీరు నేరుగా చెరువులోకి నడిచి వెళ్లదు, నిజమే. అయినా ఈ కొలత ఒక సంగతి చెబుతుంది. డ్యామ్ ముందు చుక్కలా కనిపించేది ఊరి కుంట ముందు లెక్కలోకి వస్తుంది. పిట్టకు కావలసింది డ్యామ్ లోతు కాదు, కుంట అంచున వేసవి దాకా నిలిచే పలుచని నీరు.

అంతకన్నా బలమైన జవాబు మరొకటి ఉంది. పొదుపు అసలు విలువ మిగిలిన లీటర్లలో లేదు, అడిగే అర్హతలో ఉంది. తన ఇంటి నీటి మీటరు చూపించగలిగినవాడు పంచాయతీని నిలదీస్తే ఆ మాటకు బరువుంటుంది. బోరు వేసి పచ్చిక పెంచుకుంటూ రైతుకు నీటి నీతులు చెబితే ఎవరూ వినరు, వినకపోవడంలో న్యాయముంది. కాబట్టి పొదుపు దగ్గర ఆగిపోవడం తప్పు, దాన్ని దాటవేయడమూ తప్పే. అది మొదటి మెట్టు. రెండో మెట్టు ఊరి పనిలో పాలుపంచుకోవడం.

లెక్క కాలువ దారిని మార్చింది

అలా పాలుపంచుకుంటే ఏం సాధించవచ్చో చూడటానికి కడప వెళ్తే చాలు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986 జనవరిలో మళ్లీ కనిపించింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకులాటకు దారి చూపింది రెడ్డిపల్లికి చెందిన ఐతన్న. పిట్టలు పట్టే మనిషి, కంపల్లో రాత్రిపూట అది ఎక్కడ తిరుగుతుందో తెలిసినవాడు. తర్వాత తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా వెళ్లబోయింది. పరిశోధకులు రాసిపెట్టుకున్న ఆధారాలు ఉండబట్టే కాలువ దారి మళ్లింది, పక్షి తిరిగే మరికొంత నేలకు రక్షణ దొరికింది. కాలువ ఆగలేదు, పక్కకు జరిగింది. ఎక్కడ ఏముందో ముందే తెలిస్తే అభివృద్ధికీ పక్షికీ మధ్య దారి వెతకవచ్చనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కడపలో పరిశోధన గెలిస్తే, హిందూపురం వైపు చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి మర్యాద గెలిచింది. ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో గూళ్లున్న చెట్ల యజమానులకు పరిహారం ఇచ్చే పద్ధతి వచ్చింది, 2007లో అది కమ్యూనిటీ రిజర్వు అయింది. ఈ మూడు చోట్లా పక్షిని కాపాడింది స్థానికుల తెలివీ, లెక్కలూ, ఓపికా. 1980లో హైదరాబాద్‌లో పుట్టి నేడు దక్కన్ బర్డర్స్‌గా నడుస్తున్న సంఘం లాంటివి నేర్పగలవు, తోడు రాగలవు. తోరణగల్లు చెరువు గట్టు మీద రోజూ నిలబడాల్సింది మాత్రం తోరణగల్లు మనుషులే.

■ సభ్యులు చేరదగిన నాలుగు చోట్లు
• జనవరి లెక్క: ఆసియా నీటి పక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఊరి కుంటనూ అందులో చేర్చవచ్చు.
• జీవవైవిధ్య నిర్వహణ కమిటీ: 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఉండాలి. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో మీ పక్షుల లెక్కలు ఎక్కించవచ్చు.
• ప్రజాభిప్రాయ సేకరణ: పెద్ద ప్రాజెక్టుల విషయంలో 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వవచ్చు.
• జిల్లా ఖనిజ నిధి: మైనింగ్ ప్రాంతాల కోసం ఉన్న ఈ నిధిలో తాగునీరు, పర్యావరణ రక్షణ ప్రాధాన్య అంశాలు. చెరువు పనికి ప్రతిపాదన పెట్టవచ్చు.

జీతం ఫ్యాక్టరీది, మాట చెరువుది

రెండో అభ్యంతరం మరింత గట్టిది. ఇక్కడ వేల కుటుంబాల పొయ్యి వెలిగేది ఉక్కుతోనో, గనితోనో, కరెంటుతోనో. ఆ ఊళ్లో ఉంటూ పక్షుల పేరెత్తితే అన్నం పెట్టే చేతికి ఎదురు తిరిగినట్టు కాదా? పక్షి కోసం ఫ్యాక్టరీ మూయమని అడిగితే అలాగే అవుతుంది. అడగాల్సింది అది కాదు. పెద్ద పరిశ్రమలకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు సాధారణంగా నిర్ణీత శాతం పచ్చదనం ఉండాలని షరతు పెడతారు. ఆ పచ్చదనంలో పైపై అందాల చెట్లకు బదులు మర్రి, రావి, నల్లతుమ్మ, వేప నాటమని అడగవచ్చు. 2013 కంపెనీల చట్టం కింద నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. ఆ సొమ్ములో కొంత కుంటల కోసం కోరవచ్చు. ప్లాంటు లోపల నీటి వృథా ఎక్కడుందో అందులో పనిచేసే ఇంజినీరు సభ్యుడికి తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు. అతను గేటు బయట జెండా పట్టక్కర్లేదు. లోపలి సమావేశంలో ఆధారాలతో ఒక సూచన పెట్టినా చాలు.

పూడికతీత విషయంలో ఈ తెలివి ఇంకా అవసరం. చెరువు పూడిక తీయడం మంచి పనే. కానీ యంత్రాలతో ఒడ్డు నుంచి ఒడ్డుకు ఒకే లోతున తవ్వి, మధ్యలో నిలిచిన నల్లతుమ్మలను పెకలించి, అంచును గోడలా నిలబెడితే నీరు పెరుగుతుంది, కొంగ తగ్గుతుంది. ఒకవైపు వాలు ఉంచి, మట్టి దిబ్బలు రెండు మూడు వదిలి, గూళ్లున్న చెట్లను కదపకుండా తవ్వితే రైతుకూ పిట్టకూ పనికొస్తుంది. టెండరు రాసేముందు ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి. జేసీబీ దిగాక చెప్పి లాభం లేదు.

‘ఇది మా సరదా, దీన్ని ఉద్యమం చేయకండి’ అనేవాళ్లూ ఉంటారు. వారం రోజుల శ్రమ తర్వాత పిట్ట కోసం నిశ్శబ్దంగా నిలబడే గంట ఎంత విలువైనదో కాదనలేం. అందరూ సభల్లో మాట్లాడాల్సిన పనీ లేదు. ఒకరు లెక్క రాయవచ్చు, ఒకరు అర్జీ తయారు చేయవచ్చు, ఒకరు బడిలో పిల్లలకు చూపించవచ్చు. బుర్రకథ ఈరమ్మ ఊరైన దరోజిలో చెరువు సంగతిని కథగా ఊళ్లకు చెప్పగల కళాకారుల వారసత్వమూ ఉంది. పని పంచుకుంటే సరదా చెడదు. చెరువు పోతే మాత్రం సరదాకూ చోటుండదు.

చివరిగా మరో సందేహం. జనం ఎక్కువైతే గూళ్లకే చేటు కదా? చేటే, పద్ధతి లేకపోతే. బెదిరిన పక్షి గూడు వదిలి లేస్తే ఎండలో పిల్లలు మాడతాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఫొటో కోసం దగ్గరికి వెళ్లడం, రికార్డు చేసిన కూత వినిపించి పిలవడం, డ్రోన్ ఎగరేయడం, అరుదైన పక్షి గూడు ఉన్న చోటును ఫోన్లలో అందరికీ పంపడం క్లబ్బే నిషేధించాలి. సంరక్షణ క్లబ్బు ఉన్న ఊళ్లో పక్షికి భయం తగ్గాలి, పెరగకూడదు.

ఈ ఏడాదికి ఒక చెరువు

అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ పూర్తికాదు. ప్రతి క్లబ్బూ ఈ ఏడాదికి ఒకే ఒక కుంటను ఎంచుకోవాలి. రామ్‌సర్ జాబితాలో ఉన్నది కాదు, ఎవరూ పట్టించుకోనిది. నెలకు రెండుసార్లు నీటి అంచు ఎక్కడిదాకా ఉందో, ఏ పక్షులు ఎన్ని ఉన్నాయో రాయాలి. ఆ కుంటలోకి వచ్చే కాలువ ఎక్కడ పూడిందో, కంపచెట్లు ఎక్కడ కమ్మాయో, మురుగు ఎక్కడ కలుస్తోందో నడిచి చూడాలి. సభ్యుల ఇళ్ల నీటి, కరెంటు బిల్లులను ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పక్కపక్కన పెట్టుకోవాలి. ఆ రెండు లెక్కలనూ తీసుకుని గ్రామసభకు వెళ్లాలి. నీటి వాటాల చర్చలో ఇంతకాలం పక్షి పేరు వినిపించకపోవడానికి ప్రధాన కారణం ఎవరికో దాని మీద పగ ఉండటం కాదు. దాని తరఫున కాగితం పట్టుకుని వచ్చినవాళ్లు తక్కువ. ఆ కాగితం రాయగల చేతులు తోరణగల్లులో ఉన్నాయి, బళ్లారిలో ఉన్నాయి, అనంతపురంలో ఉన్నాయి. వచ్చే గ్రామసభ తేదీ ఎప్పుడో ఈ వారమే పంచాయతీ కార్యాలయంలో కనుక్కోండి.